హౌన్‌స్లోలో కాపురం: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పశ్చిమ లండన్‌లో హీత్రూ పక్కనే ఉన్న హౌన్‌స్లోకి తెలుగువాళ్లు వస్తూనే ఉన్నారు. కొందరు చదువుకోవడానికి, కొందరు ఐటీ ఉద్యోగానికి, కొందరు ఎయిర్‌పోర్ట్‌లో పనికి. స్కూల్ గేటు దగ్గరైనా, బస్టాప్‌లోనైనా, వాట్సాప్‌లోనైనా అడిగేవి అవే ప్రశ్నలు, వచ్చేవి సగం సగం జవాబులు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా. ముందే ఒక మాట చెప్పాలి. ఇక్కడ మన ఇబ్బందుల్లో చాలావాటికి చెప్పుకోవడానికి ఒక చోటు ఉంది, రూల్ కూడా ఉంది. మనలో మనం గొణుక్కుంటే ఏదీ కదలదు, చెప్పాల్సిన వాళ్లకి రాతపూర్వకంగా చెబితే కదులుతుంది. కింద రాసిన జవాబులన్నిట్లోనూ నేను పట్టుబట్టేది దీని గురించే.

ఇల్లు బాగుంది, అద్దె కూడా పర్లేదు. కానీ విమానాల మోత భరించగలమా?

ఇది వీధిని బట్టి, వేళను బట్టి ఉంటుంది. హీత్రూలో రెండు రన్‌వేలు ఉన్నాయి, ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. ఏడాదిలో దాదాపు 70 శాతం రోజులు గాలి పడమటి నుంచి వీస్తుంది, విమానాలు గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి ఆ రోజుల్లో అన్నీ తూర్పు నుంచి, అంటే మన ఇళ్ల మీదుగానే దిగుతాయి. అయితే మనకు కాస్త ఊపిరి ఆడాలని మధ్యాహ్నం 3 గంటలకు రన్‌వే మారుస్తారు. ఉదయమంతా ఉత్తరం రన్‌వే మీద దిగితే 3 దాటాక దక్షిణం వైపుకి మారతాయి. మరుసటి వారం వరస తిరగబడుతుంది. ఏ వారం ఏ రన్‌వేనో చెప్పే పట్టికను ఎయిర్‌పోర్ట్ వాళ్లే ముందుగా ఏడాదికి సరిపడా పెడతారు, దాన్ని ఫోన్‌లో దాచుకోండి. పసిపిల్లలున్న ఇంట్లో, నైట్ షిఫ్ట్ చేసేవాళ్లున్న ఇంట్లో అది పంచాంగమంత అవసరం.

అందుకే ఇల్లు చూడటానికి ఒకసారి పొద్దున, ఇంకోసారి సాయంత్రం వెళ్లండి. ఏజెంట్ ఎప్పుడూ మోత లేని వేళకే రమ్మంటాడని నేను అనను, కానీ మీరు వెళ్లిన గంట ప్రశాంతంగా ఉందని రోజంతా అలాగే ఉంటుందనుకోకూడదు. కిటికీలు మూసి చూడండి, తెరిచి చూడండి, వెనక తోటలో నిలబడి ఫోన్‌లో మాట్లాడి చూడండి. తూర్పు గాలి వీచే రోజుల్లో మన వైపు దిగడం ఉండదు, కానీ కొన్ని వీధుల మీదుగా పైకి లేచేవి ఉంటాయి. ఆ చప్పుడు వేరేగా, ఇంకాస్త ముతకగా ఉంటుంది.

రాత్రి సంగతికొస్తే, రాత్రి 11.30 నుంచి ఉదయం 6 దాకా ఏడాదికి 5,800 విమానాలకే అనుమతి. వాటిలో ఎక్కువ భాగం తెల్లవారుజామున 4.30 తర్వాత ఆసియా వైపు నుంచి వచ్చి దిగేవే. తేలిగ్గా నిద్ర లేచేవాళ్లకు ఆ వేళ కష్టం. ఆ సంగతి దాచి ఎవరినీ ఇక్కడికి రమ్మనలేను. డబుల్ గ్లేజింగ్, అంటే రెండు పొరల అద్దాల కిటికీలు, పాతబడిపోతే ఓనర్‌ని అడగండి. మోత ఎక్కువగా పడే చిరునామాలకు చప్పుడు లోపలికి రాకుండా చేసే ఎయిర్‌పోర్ట్ వాళ్ల ఇన్సులేషన్ పథకం ఉంది, దానికి అర్హత ఉందో లేదో చిరునామా బట్టి తేలుతుంది. అద్దెకున్నవాళ్లయితే ఓనర్‌కి ఆ సంగతి చెప్పి దరఖాస్తు పెట్టించాలి.

పిల్లల చదువు మీద దీని ప్రభావం ఉంటుందా?

ఉంటుంది. లోపల డబుల్ గ్లేజింగ్ వల్ల క్లాసు జరిగిపోతుంది, బయట ఆటస్థలంలోనే ఇబ్బంది. హౌన్‌స్లో హీత్ ఇన్‌ఫెంట్ స్కూల్లో పిల్లలు బయట ఉన్నప్పుడు కూడా టీచర్ మాట వినపడాలని మట్టి నింపిన సంచులను చుట్లు చుట్లుగా పేర్చి గుమ్మటాల్లాంటి గదులు కట్టారు. స్కూల్ చూడటానికి వెళ్లినప్పుడు ‘విమానం వెళ్తున్నప్పుడు మీరేం చేస్తారు?’ అని మొహమాటం లేకుండా అడగండి. బాగా నడిచే స్కూళ్ల దగ్గర దానికి తడుముకోని జవాబు ఉంటుంది.

అదే విమానం పిల్లలకి పెద్ద సరదా కూడా. హ్యాటన్ క్రాస్ స్టేషన్ దగ్గర మర్టిల్ అవెన్యూ అని చిన్న వీధి ఉంది, దాని చివర పచ్చికలో మడత కుర్చీలు, పెద్ద పెద్ద కెమెరాలు వేసుకుని జనం కూర్చుంటారు. దక్షిణం రన్‌వే మీద దిగుతున్న వేళయితే చక్రాల మీది గీతలు కూడా కనిపించేంత కిందుగా వస్తాయి. విమానం దాటిపోయాక ఒక్క క్షణం ఆగి గాలి ఈలలాంటి చప్పుడుతో కిందికి కొడుతుంది, పిల్లలు దానికోసమే ఎదురుచూస్తారు. 3 గంటల మార్పు చూసుకుని వెళ్లండి, లేకపోతే ఖాళీ ఆకాశం చూసి రావాలి.

మూడో రన్‌వే నిజంగా వస్తుందా? ఇప్పుడు ఇల్లు కొనొచ్చా?

2018 జూన్‌లో పార్లమెంటు ఒప్పుకుంది, 2020 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టు కొట్టేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగ్గొట్టింది, 2025 జనవరిలో ప్రభుత్వం మళ్లీ మద్దతు ప్రకటించింది. ఇన్నేళ్లలో పునాది రాయి పడలేదు. వస్తే ముందుగా దెబ్బతినేవి ఎయిర్‌పోర్ట్‌కి ఉత్తరాన ఉన్న హార్మండ్స్‌వర్త్, సిప్సన్, లాంగ్‌ఫర్డ్ ఊళ్లు, కానీ దిగే దారులు మారితే ఇప్పుడు ప్రశాంతంగా ఉన్న మన వీధులు కూడా మారతాయి. ఇప్పటి లెక్కన హీత్రూకి ఏడాదికి 4,80,000 రాకపోకల పరిమితి ఉంది, మూడో రన్‌వే వస్తే అది పెరగాల్సిందే.

కొనాలా వద్దా అనే దానికి నా మాట ఇది. ఈ రోజున్న మోతతో మీరు పదేళ్లు ఉండగలిగితే కొనండి. రన్‌వే రాదులే అన్న నమ్మకంతోనో, వస్తే రేటు పెరుగుతుందన్న ఆశతోనో మాత్రం కొనొద్దు. ఎయిర్‌పోర్ట్ వాళ్లు, ప్రభుత్వం జనాభిప్రాయం అడిగినప్పుడు ఫారం నింపండి. అందులో మన పేర్లు కనపడటం లేదు, విమానాల కింద బతికేదేమో మనమే.

స్టేషన్ ఏది దగ్గరుంటే మంచిది?

ట్యూబ్ పికడిల్లీ లైన్‌లో హౌన్‌స్లో ఈస్ట్, సెంట్రల్ జోన్ 4లో ఉన్నాయి, వెస్ట్ మాత్రం జోన్ 5. ఛార్జీ జోన్‌ని బట్టే. రోజూ ఊళ్లోకి వెళ్లేవాళ్లకి ఆ తేడా నెలాఖరుకి తెలుస్తుంది. పట్టణానికి దక్షిణాన మామూలు రైలు స్టేషన్ ఒకటి ఉంది, అక్కడి నుంచి నేరుగా వాటర్లూ వెళ్లొచ్చు. సౌతాల్‌కి సరుకులకో గుడికో వెళ్లాలంటే 120, హెచ్32 బస్సులు, కింగ్‌స్టన్ వైపు 111, 281. బస్సులో 2014 నుంచి డబ్బులు తీసుకోరు, బ్యాంక్ కార్డో, ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డో ఉండాలి. ఒకసారి ట్యాప్ చేస్తే గంటలోపు ఎక్కే మిగతా బస్సులకి మళ్లీ డబ్బు పోదు, కాకపోతే అదే కార్డు వాడాలి. అర్ధరాత్రి ఎయిర్‌పోర్ట్ షిఫ్ట్ ఉన్నవాళ్లకు ఎన్9 బస్సు ఉంది, అది వారమంతా నడుస్తుంది. రాత్రంతా నడిచే నైట్ ట్యూబ్ శుక్ర, శని రాత్రుల్లోనే, అదీ టెర్మినల్ 4కి వెళ్లదు.

అమ్మానాన్నల్ని దింపడానికి కారులో వెళ్తే ఛార్జీ అంటున్నారు, ఎలా?

టెర్మినల్ ముందు కారు ఆపితే, ఒక్క నిమిషం ఆపినా ఛార్జీ పడుతుంది. అక్కడ గేటు ఉండదు, టికెట్ ఇచ్చేవాళ్లు ఉండరు, కెమెరా నంబర్ ప్లేట్ చూసుకుంటుంది. మరుసటి రోజు అర్ధరాత్రిలోగా ఆన్‌లైన్‌లో కట్టకపోతే జరిమానా నోటీసు ఇంటికి వస్తుంది. ఈ విషయం తెలియక ఎంతోమంది కట్టారు. పెద్దవాళ్లకి సామాను తక్కువైతే హౌన్‌స్లో వెస్ట్‌లో ట్యూబ్ ఎక్కించడమే తేలిక, ఏ టెర్మినల్ రైలో బోర్డు చూసి ఎక్కండి. 4కీ 5కీ రైళ్లు వేరు.

కారు పాతదైతే ఇంకోటి చూసుకోవాలి. పొగ ఎక్కువ వదిలే బళ్ల మీద ఛార్జీ వేసే యూలెజ్ పథకం 2023 ఆగస్ట్ 29 నుంచి లండన్ మొత్తానికి వచ్చింది. పొగ ప్రమాణాలు అందుకోని కారు మన వీధిలో నడిపినా రోజుకి 12.50 పౌండ్లు. మామూలుగా 2006 తర్వాతి పెట్రోల్ కార్లకి, 2015 సెప్టెంబర్ తర్వాతి డీజిల్ కార్లకి ఇబ్బంది ఉండదు. సెకండ్‌హ్యాండ్ కారు చౌకగా వస్తోందంటే బేరం ఆడేముందే నంబర్ కొట్టి చూడండి.

వాళ్లు వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవచ్చు?

ఆవకాయ, కారప్పొడులు, అప్పడాలు, పప్పులు తెచ్చుకోవచ్చు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకురావడానికి అనుమతి లేదు, కస్టమ్స్‌లో దొరికితే తీసి పారేస్తారు. సీసా మూత గట్టిగా బిగించి ప్లాస్టర్ వేయించండి, అంతకన్నా దీని గురించి చెప్పేదేం లేదు.

చెత్త ఏ డబ్బాలో వెయ్యాలి? పక్కింటి సోఫా వీధిలో పడి ఉంది, ఎవరికి చెప్పాలి?

తిండి వ్యర్థం వేరు, రీసైక్లింగ్ వేరు, మిగతా చెత్త వేరు. మీ వీధికి ఏ రోజు ఏది తీస్తారో కౌన్సిల్ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే వస్తుంది, ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అతికించండి. ఒకే ఇంట్లో రెండు మూడు కుటుంబాలు, లేదా ఐదారుగురు కుర్రాళ్లు ఉంటే డబ్బా నిండిపోతుంది, అప్పుడు సంచుల్ని పక్కన పెడతారు, రాత్రికి నక్కలు చింపి వీధంతా చిమ్ముతాయి. అవును, నక్కలే. లండన్ వీధుల్లో అవి తిరుగుతూనే ఉంటాయి, మనుషుల జోలికి రావు, కానీ కోడి ఎముకల వాసన పసిగట్టాయంటే వదలవు. ఎముకలు, మిగిలిన కూర తిండి వ్యర్థాల డబ్బాలో వేసి మూత తాళం తిప్పండి.

సోఫాలు, పరుపులు వీధిలో వదిలేయడాన్ని ఫ్లై టిప్పింగ్ అంటారు, అక్కడికక్కడే వేసే జరిమానా 1,000 పౌండ్ల దాకా ఉండొచ్చు. మనవాళ్లకి తెలియాల్సింది ఇంకోటి ఉంది. తెల్ల వ్యాన్‌లో వచ్చి ‘ఇరవై పౌండ్లివ్వండి, పట్టుకుపోతా’ అనేవాడికి సామాను ఇచ్చారనుకోండి, వాడు దాన్ని ఏ సందులోనో పారేస్తే మీ పేరున్న కవరు ఒకటి దొరికినా జవాబు చెప్పుకోవాల్సింది మీరే. లైసెన్స్ నంబర్ అడగండి, రసీదు తీసుకోండి. కారులో పట్టేదైతే ఫెల్తమ్‌లో స్పేస్ వే రీసైక్లింగ్ సెంటర్‌కి మీరే తీసుకెళ్లొచ్చు. పెద్ద సామానుకి కౌన్సిల్ వాళ్లే డబ్బులు తీసుకుని వస్తారు.

వీధిలో పడేసిన సామాను చూస్తే ఫొటో తీసి కౌన్సిల్ సైట్‌లో పెట్టండి. ఇంకెవరో చెప్పే ఉంటారులే అని అందరూ అనుకోవడం వల్లే అది వారాల తరబడి అక్కడే ఉంటుంది.

మా డ్రైవ్‌వేకి అడ్డంగా ఎవరో కారు పెట్టేశారు.

ఫుట్‌పాత్ దించిన చోట అడ్డం పెడితే కౌన్సిల్ పార్కింగ్ వాళ్లకి ఫోన్ చేయండి, వాళ్లు వచ్చి టికెట్ వేస్తారు. లాగి పారేయడం, గాలి తీసేయడం లాంటివి వద్దు, తప్పు మన మీదకి తిరుగుతుంది. ఫుట్‌పాత్ మీద చక్రం ఎక్కించి పెట్టడం లండన్‌లో 1974 చట్టం నుంచి నిషేధం, బోర్డు పెట్టి అనుమతించిన చోట తప్ప. రెండు చక్రాలే కదా అనుకోకండి.

మీకే టికెట్ వస్తే అది ఎవరు వేశారో ముందు చూడండి. కౌన్సిల్‌దైతే 14 రోజుల్లో కడితే సగమే. తప్పుగా వేశారనిపిస్తే ఆ 14 రోజుల్లోనే ఫొటోలతో రాయండి. సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ప్రైవేటు వాళ్లు వేసేది వేరే సంగతి, అప్పీల్ దారి వేరు. రెండిట్లో దేన్నీ సొరుగులో పడేసి మర్చిపోకూడదు. ట్వికెన్‌హమ్‌లో రగ్బీ మ్యాచ్ రోజుల్లో విట్టన్, హౌన్‌స్లో దక్షిణం వైపు వీధులు కిక్కిరిసిపోతాయి, ఆ రోజుల్లో చుట్టాల్ని కారు లేకుండా రమ్మనండి.

గది అద్దెకి డిపాజిట్ అడుగుతున్నారు, క్యాష్ అంటున్నారు. ఇవ్వొచ్చా?

ఇంట్లో అడుగు పెట్టి చూడకముందు డబ్బు ఇవ్వకండి. కళ్లతో చూడని గదికి పైసా పంపకండి. ఊరి నుంచి దిగకముందే అడ్వాన్స్ పంపించి మోసపోయే విద్యార్థుల కథలు ప్రతి సెప్టెంబర్‌లో, ప్రతి జనవరిలో వింటున్నాం. ఫొటోలో గది చూపించింది మన భాష మాట్లాడేవాడే కావచ్చు, దాన్నిబట్టి నమ్మకం పెట్టుకోకూడదు.

మీ పేరు మీద టెనెన్సీ, అంటే అద్దె ఒప్పందం, ఉంటే డిపాజిట్ ఐదు వారాల అద్దెకి మించకూడదు, ఓనర్ దాన్ని 30 రోజుల్లో ప్రభుత్వం ఒప్పుకున్న మూడు స్కీముల్లో ఒకదాంట్లో పెట్టి మీకు కాగితం ఇవ్వాలి. గది పట్టి ఉంచడానికి ఒక వారం అద్దెకి మించి అడగకూడదు. 2026 మే 1 నుంచి వచ్చిన కొత్త చట్టంతో కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 పోయింది, కొత్త టెనెన్సీకి ఒక నెల కన్నా ఎక్కువ అద్దె ముందుగా ఇమ్మని అడగడం కూడా పోయింది. ఆరు నెలలది ఒకేసారి కట్టమనే ఏజెంట్ ఎవరైనా తగిలితే ఈ మాట చెప్పండి.

ఇంటాయన కూడా అదే ఇంట్లో ఉంటూ ఒక గది ఇస్తే మీరు లాడ్జర్, అప్పుడు ఈ రక్షణలు చాలావరకు వర్తించవు. మనవాళ్లలో చాలామంది ఉండేది ఇలాగే కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నా. కనీసం ఒక కాగితం రాయించుకోండి, బ్యాంక్ నుంచే కట్టండి. ఒకే కుటుంబం కానివాళ్లు కలిసి ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది వంటగది, బాత్రూం పంచుకుంటూ ఉండే ఇంటికి లైసెన్స్ ఉండాలి. తోటలో కట్టిన షెడ్‌ని గదిగా ఇస్తామంటే ఎంత చవకైనా వద్దనండి. అగ్నిప్రమాదం జరిగితే బయటపడే దారి ఉండదు, చలికాలంలో గోడలు కారతాయి, ఫిర్యాదు చేస్తే మీరే రోడ్డున పడతారన్న భయంతో నోరు మూసుకోవాలి. ఇలాంటి గదులను మనవాళ్లకి మనవాళ్లే అద్దెకివ్వడం నాకు చాలా బాధగా ఉంటుంది.

గోడలకి నల్లగా బూజు పడుతోంది. మీ వంట వల్లే అంటున్నాడు ఓనర్.

రెండూ కారణం కావచ్చు. కుక్కర్ ఆవిరి, గదిలో ఆరేసిన బట్టలు, చలికి మూసిన కిటికీలు తేమ పెంచుతాయి, అది నిజం. వంట చేసేటప్పుడు ఫ్యాన్ వేసి తలుపు మూయండి, పొద్దున్నే పది నిమిషాలు కిటికీలు తెరవండి, కిటికీ పైన ఉండే సన్నటి గాలి సందుల్ని టేపుతో మూయకండి. కానీ పైకప్పు కారడం, ఫ్యాన్ పనిచేయకపోవడం, గోడకి తడి పట్టడం ఓనర్ చూసుకోవాల్సినవి. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఫొటోలతో ఈమెయిల్ పంపండి, తేదీ ఉంటుంది. కదలకపోతే కౌన్సిల్‌లో ప్రైవేటు అద్దె ఇళ్లు చూసే విభాగానికి అదే ఈమెయిల్ పంపండి. పసిపిల్లలకి ఉబ్బసం ఉంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి.

పక్కింటివాళ్లు తాలింపు వాసన అంటున్నారు. ఏం చెయ్యాలి?

వంట మానక్కర్లేదు. ఫ్యాన్ ఫిల్టర్ నెలకోసారి కడగండి, సగం సమస్య అక్కడే ఉంటుంది. ఇంట్లో దిగిన వారంలోనే పక్కవాళ్లకి పేరు చెప్పి పరిచయం చేసుకోండి. తర్వాత ఏదైనా చిన్న ఇబ్బంది వస్తే వాళ్లు తలుపు తట్టి చెబుతారు, లేకపోతే నేరుగా ఫిర్యాదు చేస్తారు. రాత్రి 11 దాటాక బర్త్‌డే పార్టీలో స్పీకర్ తగ్గించాలి, ఎవరింటికైనా ఇదే మర్యాద.

దీపావళికి టపాసులు కాల్చుకోవచ్చా?

మీ తోటలో కాల్చుకోవచ్చు. మామూలు రోజుల్లో రాత్రి 11 తర్వాత నిషేధం, దీపావళి రాత్రి మాత్రం 1 గంట దాకా వీలుంది. మన ఊళ్లోలాగా ఇంటి ముందు రోడ్డు మీద, పార్కులో పెట్టి కాల్చడం నేరం. 18 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మరు. మన వెనక తోటలు చిన్నవి, చెక్క కంచెలు, కాబట్టి రాకెట్ల కన్నా చిచ్చుబుడ్లు, కాకరపువ్వొత్తులు మేలు. కుక్క ఉన్న పక్కింటికి ముందురోజు ఒక మాట చెప్పండి.

పెళ్లి బంగారం ఇంట్లో ఉంచొచ్చా?

ఉంచొద్దు. ఆసియా కుటుంబాల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసు, దసరా దీపావళి రోజుల్లో పోలీసులు ప్రత్యేకంగా హెచ్చరిస్తారు. లాకర్ తీసుకోండి. ఇంట్లో ఉన్న కాస్తకైనా ఇన్సూరెన్స్ పాలసీలో విడిగా రాయించండి, ఎందుకంటే మామూలు పాలసీలో ఒక్కో వస్తువుకి పరిమితి ఉంటుంది. నగలకు ఫొటోలు తీసి పెట్టుకోండి. ఊరెళ్తున్న సంగతి తిరిగొచ్చాక పోస్ట్ చేయండి. దొంగతనం జరుగుతుంటే 999, జరిగిపోయాక 101. మన వార్డుకి పోలీసుల్లో ఒక చిన్న బృందం ఉంటుంది, వాళ్లు అప్పుడప్పుడు జనాన్ని కలుస్తారు, వెళ్లి చెప్పండి. ఏ సందులో లైటు వెలగడం లేదో, ఎక్కడ ఫోన్లు లాక్కుపోతున్నారో మనం చెబితేనే తెలుస్తుంది.

హోం ఆఫీస్ అని ఫోన్ చేసి వీసాలో తప్పుంది, డబ్బు కట్టమంటున్నారు.

ఫోన్ పెట్టేయండి. అది మోసం, అక్కడ రెండో మాట లేదు. బ్యాంక్ పేరుతో అనుమానంగా ఫోన్ వస్తే కట్ చేసి మీరే 159కి చేయండి. పార్సిల్ ఆగిపోయిందని వచ్చే మెసేజ్‌ల్ని 7726కి ఫార్వార్డ్ చేయండి, ఉచితం.

స్కూల్ సీటు ఎప్పుడు అడగాలి? గ్రామర్ స్కూళ్లు ఇక్కడ ఉన్నాయా?

నాలుగు నిండిన తర్వాత వచ్చే సెప్టెంబర్‌లో రిసెప్షన్, అంటే స్కూల్లో మొదటి క్లాసు. దరఖాస్తుకి గడువు జనవరి 15, సీటు చెప్పేది ఏప్రిల్ 16న. సెకండరీకి అక్టోబర్ 31, మార్చి 1. దరఖాస్తు మీరుండే కౌన్సిల్‌కి పెట్టాలి, స్కూల్ వేరే కౌన్సిల్‌లో ఉన్నా సరే. ఏడాది మధ్యలో వస్తే ఇన్-ఇయర్ దరఖాస్తు ఉంది. ఫారంలో ఒకే స్కూల్ పేరు రాసి కూర్చోకండి, అన్ని గడులూ నింపండి. ఒక్కటే రాస్తే అదే ఇస్తారని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది, అది తప్పు. అది రాకపోతే ఎక్కడో ఎవరికీ అక్కర్లేని సీటు మిగులుతుంది.

ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ స్కూళ్లని గ్రామర్ స్కూళ్లంటారు. హౌన్‌స్లోలో అలాంటిది లేదు. కింగ్‌స్టన్‌లో టిఫిన్ స్కూళ్లు, స్లౌలో కొన్ని ఉన్నాయి, పోటీ విపరీతం. ఇయర్ సిక్స్ మొదట్లోనే పరీక్ష, పేరు అంతకుముందే నమోదు చేయాలి. ఏ పోస్ట్‌కోడ్‌లకి ముందు సీటు ఇస్తారో ఒక్కో స్కూల్ అడ్మిషన్ పాలసీలో రాసి ఉంటుంది, కోచింగ్‌కి డబ్బు కట్టేముందు అది చదవండి. నన్నడిగితే ఇయర్ త్రీ నుంచే ఆదివారాలు కోచింగ్‌కి పంపడం పసివాళ్లని పిండేయడమే.

జీపీ దగ్గర అడ్రస్ ప్రూఫ్ లేదని తిప్పి పంపారు.

జీపీలో, అంటే మన ఏరియా డాక్టర్ క్లినిక్‌లో, పేరు నమోదుకి అడ్రస్ ప్రూఫ్ గానీ వీసా కాగితం గానీ తప్పనిసరి కాదు, ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ నియమాల్లోనే ఉంది. మర్యాదగా ఆ మాట చెప్పి, మేనేజర్‌ని అడగండి. గొంతునొప్పి, చెవిపోటు, ఆడవాళ్లకి మూత్రంలో మంట లాంటి ఏడు రకాల సమస్యలకు 2024 జనవరి నుంచి జీపీ దాకా పోకుండా ఫార్మసీలోనే మందు ఇస్తున్నారు. రాత్రిపూట ఏం చేయాలో తెలియకపోతే 111, ప్రాణం మీదికొస్తే 999. ఎమర్జెన్సీ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఐజల్‌వర్త్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల సంగతి వేరు. జీపీ డాక్టర్ చూడటం, ఎమర్జెన్సీలో మొదటి చికిత్స ఉచితమే, కానీ ఆసుపత్రిలో చేర్చుకున్న క్షణం నుంచి ఎన్‌హెచ్‌ఎస్ రేటుకి ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయని నిజం చెప్పి ఇన్సూరెన్స్ తీసుకోండి. ఖరీదు పెరుగుతుందని దాస్తే పాలసీ ఉన్నా లేనట్టే.

పెద్దవాళ్లకి పొద్దు పోవడం లేదు. ఎక్కడికి పంపాలి?

బాత్ రోడ్డులో హౌన్‌స్లో హౌస్‌లో లైబ్రరీ ఉంది, వెచ్చగా ఉంటుంది, ఎవరూ ఏమీ అడగరు. దగ్గర్లోనే లాంప్టన్ పార్క్, అందులో సాయంత్రం బెంచీల మీద పంజాబీ, గుజరాతీ, తెలుగు పెద్దలు కలుస్తారు. చెట్ల మీద గోలగోలగా అరిచే ఆకుపచ్చ చిలుకలు మన ఊరి రామచిలుకలే, అదే జాతి. పంజరాల్లోంచి తప్పించుకున్నవి పెరిగి పెరిగి పశ్చిమ లండన్ అంతా నిండిపోయాయి. కొత్తగా వచ్చిన అత్తగారెవరైనా వాటిని చూసి మొదటిసారి నవ్వుతారు.

నడవగలిగేవాళ్లకి ఆస్టర్లీ పార్క్ ఉంది, లోపలి భవనానికి టికెట్, చుట్టూ ఉన్న పార్కు ఉచితం. హౌన్‌స్లో హీత్ కూడా మంచిది. 1919 ఆగస్ట్ 25న లండన్-పారిస్ రోజువారీ విమానం మొదలైంది ఈ బయలు మీది నుంచే. అంతకుముందు 1784లో జనరల్ విలియం రాయ్ ఇక్కడే ఐదు మైళ్ల పొడవున ఒక గీత కొలిచాడు, దాని మీదే ఈ దేశపు పటాల కొలతలు మొదలయ్యాయి. 1802లో మద్రాసు దగ్గర బ్రిటిష్ సర్వేయర్ లాంబ్టన్ మొదలుపెట్టిన ఇండియా సర్వే పద్ధతీ ఇదే, ముందు ఒక గీత, తర్వాత దాని మీద త్రిభుజాలు. రిటైరైన లెక్కల మాస్టార్లకి ఈ సంగతి చెప్పి తీసుకెళ్లండి, దారి పొడవునా వాళ్లే మాట్లాడతారు.

గ్రూపులో ఏదో వీడియో తిరుగుతోంది, మన ఏరియాలోనే గొడవ అని. నమ్మాలా?

తేదీ, వీధి పేరు లేని వీడియోని నమ్మొద్దు, పంపొద్దు. వేరే ఊరిది, ఎప్పటిదో అయి ఉంటుంది. గోరంతను కొండంత చేసి రాత్రి షిఫ్ట్‌కి వెళ్లే ఆడపిల్లల్ని భయపెట్టడం తప్ప దానివల్ల లాభం లేదు. నిజంగా చూసిందయితే ముందు పోలీసులకి, తర్వాత గ్రూపుకి.

మేం ఇండియన్ పాస్‌పోర్ట్ మీదే ఉన్నాం. మాకు ఓటేముంటుంది?

ఉంది! చాలామందికి ఇప్పటికీ తెలియదు. కామన్‌వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ నివాసం ఉండి, ఉండటానికి వీసా ఉంటే, కౌన్సిల్ ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయొచ్చు. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా వాళ్లయినా సరే. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ఓటేసే రోజు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి, మన ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది. దీనివల్ల మన పౌరసత్వానికి ఏ ఇబ్బందీ లేదు.

లండన్ కౌన్సిళ్లకి నాలుగేళ్లకోసారి ఎన్నికలు. చెత్త, పార్కింగ్, అద్దె ఇళ్ల తనిఖీ, పార్కులు, లైబ్రరీలు అన్నీ వాళ్ల చేతిలోనివే, వార్డులో గెలుపోటములు కొన్నిసార్లు చాలా తక్కువ ఓట్ల తేడాతో తేలతాయి. పైన మనం పడ్డ గోడులో సగం వాళ్ల బల్ల మీదికి వెళ్లేవే. ఓటర్ల జాబితాలో మన పేర్లు లేకపోతే ప్రచారానికి మన తలుపు ఎందుకు తడతారు?

ఫిర్యాదు చేశా, ఏమీ కాలేదు. ఇప్పుడేం చెయ్యాలి?

మొదటిసారి చెప్పింది రిపోర్ట్, ఫిర్యాదు కాదు. గుంత, చెత్త, లైటు గురించి చెప్పినప్పుడు ఒక నంబర్ ఇస్తారు, అది రాసి పెట్టుకోండి. వాళ్లు చెప్పిన గడువు దాటితే అదే నంబర్‌తో ‘ఇది ఫిర్యాదు’ అని స్పష్టంగా రాసి పంపండి. ఆ జవాబు నచ్చకపోతే రెండో దశకి పంపమనండి. అదే సమయంలో మీ వార్డు కౌన్సిలర్లకి ఈమెయిల్ చేయండి, వాళ్ల పేర్లు పోస్ట్‌కోడ్ కొడితే వస్తాయి. మీ చిరునామా, తేదీలు, నంబర్, రెండు ఫొటోలు, మీకు ఏం కావాలో ఒక్క వాక్యం ఉంటే చాలు, కథంతా అక్కర్లేదు. ఇంగ్లీషు బాగా రాదని ఆగిపోకండి, తప్పులున్న ఈమెయిల్‌కి కూడా జవాబు ఇస్తారు. వీధిలో మరో నాలుగు ఇళ్లవాళ్లు, వాళ్లు ఏ భాషవాళ్లయినా, అదే విషయం మీద విడివిడిగా రాస్తే ఇంకా త్వరగా కదులుతుంది. కౌన్సిల్ రెండు దశలూ అయ్యాక కూడా న్యాయం జరగలేదనిపిస్తే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ ఆంబుడ్స్‌మన్‌కి ఉచితంగా వెళ్లొచ్చు, సమస్య తెలిసిన రోజు నుంచి 12 నెలల్లోపు.